పాటల దేశానికి మాటల కోసం

మన సినిమాల్లో హీరోకి ప్రేమ పుట్టిన మరుక్షణం ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! అంతవరకూ మన బస్టాపులోనే నిలబడ్డ జంట, తబలా మోగిందో లేదో, మంచుకొండల మధ్య తేలుతుంది. హీరోయిన్ పల్చటి చీరలో, హీరోగారు మాత్రం దళసరి ఉన్ని కోటులో! నాలుగున్నర నిమిషాలు గంతులేసి, పాట కాగానే మళ్లీ మన బస్టాపుకే వచ్చేస్తారు. ఆ మంచు ఊళ్లో కూడా మనుషులుంటారనీ, వాళ్లకీ ఓ భాష ఉంటుందనీ, ఈ జంట వాళ్లలో ఒక్కరినైనా "ఏమండీ, ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగి ఉంటుందనీ మనకి తోచనే తోచదు.

నాకు మాత్రం ఇప్పుడదే ధ్యాస. వచ్చే ఫిబ్రవరిలో పదకొండు రోజులు సెలవు పెట్టి జర్మనీ వెళ్లాలని ప్లాను వేస్తున్నాను. పాట పాడ్డానికి కాదు లెండి, నాలుగు మాటలు మాట్లాడ్డానికి. రెండేళ్లుగా నేర్చుకుంటున్న జర్మన్ భాష, తరగతి గది దాటి బయట నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి.

మాది మేడ్చల్. ఉద్యోగం శామీర్‌పేట అవతల తుర్కపల్లిలో, ఓ మందుల కంపెనీ లాబులో. శామీర్‌పేట అనగానే మీకు గుర్తొచ్చేవి చెరువు కట్టా, జింకల పార్కూ, ఆదివారం పిక్నిక్కూ అయ్యుంటాయి. నిజాముల కాలంనాటి ఆ చెరువు అలాగే ఉంది గానీ చుట్టుపక్కల లోకమే మారిపోయింది. 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1999లో జీనోమ్ వ్యాలీ మొదలైంది. 2008లో బిట్స్ పిలానీ వాళ్ల కాలేజీ వచ్చింది. ఇటు మేడ్చల్ వైపు చూస్తే, కండ్లకోయ నుంచి మైసమ్మగూడ దాకా ఇంజనీరింగు కాలేజీలే. సాయంత్రం ఇడ్లీ బండి దగ్గర నిలబడి చెవి పెట్టి వినండి. ఒకప్పుడు "టికెట్లు దొరికినయా?" అని వినపడేది. ఇప్పుడు దానితోబాటు "ఏపీఎస్ వచ్చిందా?" అని కూడా వినపడుతుంది. జర్మనీలో చదువుకోవాలంటే మన మార్కుల పత్రాలు అసలువే అని తేల్చే సర్టిఫికెట్ అది. 2022 నవంబరు నుంచి మన దేశపు విద్యార్థులకి తప్పనిసరి చేశారు.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందంటారా? మా లాబులో మందు పొడులు తూచే బ్యాలెన్స్ మీద 'గోటింగెన్' అని ఓ ఊరి పేరుంటుంది. రోజుకి నలభైసార్లు ఆ పేరే చూస్తూంటే, అక్కడ జనం ఎలా మాట్లాడతారో వినాలనిపించింది. అంతే! బంజారాహిల్స్ జర్నలిస్టు కాలనీలో గోథే జెంట్రుమ్ ఉంది. తార్నాకలో ఇఫ్లూ ఉంది. శని, ఆదివారాల క్లాసులకని మేడ్చల్ నుంచి బయల్దేరేవాణ్ణి. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కి ఎంఎంటీఎస్ వచ్చాక రైలే నా రెండో క్లాసురూమైంది. గౌడవెల్లి, గుండ్లపోచంపల్లి, బొల్లారం... ఒక్కో స్టేషనూ వస్తూంటే "నేక్‌స్టర్ హాల్ట్ గుండ్లపోచంపల్లి" అని లోలోపల అనౌన్స్‌మెంట్ ఇచ్చుకునేవాణ్ణి. పక్క సీటాయన నా పెదవులు కదలడం చూసి, ఏదో మొక్కు తీర్చుకుంటున్నాననుకుని సర్దుకు కూర్చునేవాడు!

చలి మనదే, మాటా మనదే

జర్మన్ చాలా కష్టమని భయపెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. తెలుగువాడికి అది మరీ అంత పరాయిదేం కాదని నా అనుభవం.

మొట్టమొదట ఉచ్చారణ చూడండి. ఇంగ్లీషులో 'జెడ్' అనే అక్షరాన్ని వాళ్లు 'త్స' అంటారు. రైలుని 'త్సూక్' అంటారు, కాలాన్ని 'త్సైట్' అంటారు. మా క్లాసులో తక్కిన రాష్ట్రాలవాళ్లు ఈ 'త్స' దగ్గర తడబడిపోయారు. నాకేం ఇబ్బంది కలగలేదు. మనం 'చలి' అన్నప్పుడూ, 'చాప' అన్నప్పుడూ, 'చాలా' అన్నప్పుడూ పలికేది ఆ శబ్దమే కదా!

ఇక లింగాలు. వాళ్లకి మూడున్నాయి. 'అమ్మాయి' అనే మాటని నపుంసక లింగంలో వేశారని అందరూ నవ్వుతారు. మనం నవ్వడానికి లేదండోయ్. "అబ్బాయి వచ్చాడు" అంటాం సరే, మరి అమ్మాయి? "వచ్చింది". బస్సు? అదీ "వచ్చింది"!

వాక్యంలో క్రియ సంగతి ఇంకా సులువు. 'ఎందుకంటే' అని మొదలుపెట్టారా, క్రియ బుద్ధిగా వెళ్లి ఆఖర్న కూర్చుంటుంది, అచ్చం మన తెలుగులో లాగే. పెద్దవాళ్లని 'జీ' అనాలి, దగ్గరివాళ్లని 'డూ' అనాలి. మన 'మీరు', 'నువ్వు' ఇవే. ఇరవై ఒకటి అనడానికి 'ఒకటీ ఇరవై' అంటారు. ఉర్దూలో ఇక్కీస్, బాయీస్ విన్న హైదరాబాదు చెవికి అదీ కొత్త కాదు.

మరి ఇన్ని సుళువులుండగా అంత దూరం పోవడం దేనికి? క్లాసులో టీచరమ్మ మన కోసం నిదానంగా మాట్లాడుతుంది. మనం తప్పు మాట్లాడినా ఏం చెప్పబోయామో గ్రహించేస్తుంది. రొట్టెల దుకాణంలో వెనకాల ఆరుగురు నిలబడి ఉన్నప్పుడు అమ్మే ఆవిడ అలా చెయ్యదు. ఆ క్షణంలో నోరు పెగిలితేనే భాష వచ్చినట్టు. మార్చిలో నాకు 'బీ-వన్' పరీక్ష ఉంది. అందులో ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఆ పరీక్షకి ముందు ఈ పదకొండు రోజులు నాకు రిహార్సలన్నమాట.

ఎక్కడికి వెళ్లాలి?

అందరూ చెప్పిన మొదటి పేరు స్విట్జర్లాండ్. ఎందుకు చెప్పరు! 'చాందినీ' (1989), 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' (1995) చూసి పెరిగిన దేశం మనది. ఇంటర్‌లాకెన్ ఊళ్లో 2016లో యశ్ చోప్రా విగ్రహమే పెట్టారు. అక్కడి వాళ్లదీ జర్మనే. కానీ వీధుల్లో మాట్లాడేది స్విస్ యాస. అది జర్మనీ వాళ్లకే సరిగా అర్థం కాదు. టీవీలో వస్తే కింద అక్షరాలు వేసుకుని చూస్తారు! పుస్తకం పట్టి నేర్చుకున్న నాబోటివాడు అక్కడికెళితే మంచుకొండ వంక చూస్తూ మౌనవ్రతం పట్టాల్సిందే. పాటకి బాగుంటుంది, మాటకి పనికిరాదు.

రెండోది బెర్లిన్. సినిమా పిచ్చోళ్లకి అది పుణ్యక్షేత్రమే సుమండీ. 1908లో మన వాల్తేరులో పుట్టిన దేవికారాణి, భర్త హిమాంశు రాయ్‌తో కలిసి సినిమా పని నేర్చుకున్నది బెర్లిన్‌లోని ఊఫా స్టూడియోలో. ఆ దంపతులే 1934లో బాంబే టాకీస్ పెట్టి, జర్మనీ నుంచి డైరెక్టర్ ఫ్రాంజ్ ఆస్టెన్‌నీ, కెమెరామన్ జోసెఫ్ విర్షింగ్‌నీ రప్పించారు. 'అఛూత్ కన్య' (1936) తీసిన ఆస్టెన్‌కి హిందీ రాదు! విర్షింగ్ మాత్రం ఇక్కడే ఉండిపోయి, 'మహల్' (1949) తీసి, 'పాకీజా' సగంలో ఉండగా 1967లో కన్నుమూశాడు. ఆ సినిమా 1972లో గానీ విడుదల కాలేదు.

మా రోడ్డుకీ బెర్లిన్‌కీ కూడా ఓ చుట్టరికం ఉంది. శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని సికిందరాబాదు వైపు వస్తే హకీంపేట, బొల్లారం, అల్వాల్ దాటాక తిరుమలగిరి వస్తుంది. 1934లో శ్యామ్ బెనెగల్ పుట్టింది అక్కడే. మన పల్లె కథతో ఆయన తీసిన 'అంకుర్' 1974లో బెర్లిన్ ఫిలిం ఫెస్టివల్ పోటీకి వెళ్లింది. అంతకు ముందు ఏడాదే, 1973లో, సత్యజిత్ రాయ్ 'అశని సంకేత్'కి అక్కడ బంగారు ఎలుగుబంటి దక్కింది. 1951లో మొదలైన ఆ ఉత్సవాన్ని 1978 నుంచి ఫిబ్రవరిలో జరుపుతున్నారు. మామూలు ప్రేక్షకులకి కూడా టికెట్లమ్ముతారు. డిసెంబరు వదిలేసి ఫిబ్రవరి పట్టుకోవడానికి నాకు ఇదో కారణం. క్రిస్మస్ సంతలు అప్పటికి ఉండవు, నిజమే. కానీ విమానం టికెట్లకి పండగ ధరలు కూడా ఉండవు.

ఇంకో సంగతి. అక్కడి మామూలు హాళ్లలో పరాయి సినిమాలు ఎక్కువగా జర్మన్ డబ్బింగులోనే ఆడతాయి. అసలు భాషలో చూడాలంటే పోస్టరు మీద 'ఓ.ఎం.యు.' అని ఉందో లేదో చూసుకోవాలి. భాష నేర్చుకునేవాడికి ఆ డబ్బింగే వరం. కథ తెలిసిన సినిమా వేరే భాషలో చూస్తే మాటలు వాటంతటవే అర్థమవుతాయి. తమిళ డబ్బింగులు చూసి పెరిగినవాళ్లం, మనకి ఇంకొకరు చెప్పాలా! 2004లో 'కభీ ఖుషీ కభీ గమ్'ని జర్మన్‌లో డబ్ చేసి అక్కడి టీవీలో వేశాక, షారూక్ ఖాన్ కోసం కన్నీళ్లు పెట్టుకున్న ఆడవాళ్లు ఆ దేశంలో ఎందరో! మాట కలపడానికి నేను దాచుకున్న మొదటి పేరు అదే.

అయితే బెర్లిన్‌తో ఓ చిక్కుంది. మనం జర్మన్‌లో మొదలుపెట్టి కాస్త నీళ్లు నమిలామో, వాళ్లు వెంటనే ఇంగ్లీషులోకి దిగిపోతారు. మర్యాదకే లెండి, కానీ మన టికెట్ డబ్బు దండగ! అందుకని మొదటి ఆరు రోజులకి ఇంకో ఊరు వెతుక్కున్నాను. దాని పేరు హాలె.

హాలె ఎందుకంటే, తెలుగు తొలిసారి అచ్చెక్కింది మద్రాసులో కాదు, అక్కడ. బెంజమిన్ షుల్ట్‌జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని 1728లో వ్యాకరణం రాశాడు. స్వదేశం వెళ్లిపోయాక 1740లలో హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అక్కడి ఫ్రాంకే సంస్థల పాత భవనాలు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్లి చూడొచ్చు. దాదాపు మూడొందల ఏళ్ల కిందట ఓ జర్మనీవాడు మన 'ఱ'లూ 'ళ'లూ నేర్చుకున్నాడంటే, నేను వాళ్ల 'డేర్, డీ, దాస్' నేర్చుకోలేనా!

రెండో కారణం పూర్తిగా స్వార్థం. 1990 దాకా హాలె తూర్పు జర్మనీలో ఉండేది. అప్పట్లో బడికెళ్లినవాళ్లు నేర్చుకున్న పరాయి భాష ముందుగా రష్యన్. కాబట్టి అక్కడి పెద్దవాళ్లు నన్ను చూసి చటుక్కున ఇంగ్లీషులోకి దూకరని నా ఆశ.

ఎక్కడ దిగాలి?

అసలు చిక్కు ఇక్కడుంది. నాతో చదువుకున్నవాడొకడు బెర్లిన్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "గదికి పైసలెందుకు పెడతవ్ మామా? ఇక్కడ మనోళ్లం ఆరుగురం ఉన్నం. పప్పుచారు, ఆవకాయ, రాత్రి కాంగనే మన సినిమా. వచ్చెయ్!" అన్నాడు.

మనసు లాగింది. డబ్బూ మిగులుతుంది. కానీ ఆలోచించండి. పదకొండు రోజులూ తెలుగు మాట్లాడి, తెలుగు తిని, తెలుగు సినిమా చూసి రావడానికి మేడ్చల్ చాలదా! అందుకని వాడికి బెర్లిన్‌లో ఒక్క రాత్రి భోజనానికి మాటిచ్చి, హాలెలో ఇంటివాళ్లు కూడా ఉండే ఇంట్లో గది కోసం వెతుకుతున్నాను. పొద్దున్నే "గూటెన్ మోర్గెన్" అనక తప్పని ఇల్లు కావాలి నాకు. రోజుకో పని రాసిపెట్టుకున్నాను. రొట్టెల దుకాణం, పోస్టాఫీసులో ఉత్తరం, క్షౌరశాల, లైబ్రరీ, డబ్బింగు సినిమా. 'టాండెమ్' అని అక్కడ ఓ పద్ధతుంది. అరగంట వాళ్ల భాష, అరగంట మన భాష మాట్లాడుకుంటారు. షుల్ట్‌జ్ తర్వాత ఇంకొకళ్లకి ఆ ఊళ్లో తెలుగు నేర్పే అదృష్టం నాకు పడుతుందేమో చూడాలి.

కాయితాల సంగతి కూడా చెప్పనివ్వండి, మీకూ పనికొస్తుంది. ఇలాంటి చిన్న ప్రయాణానికి షెంగెన్ వీసా చాలు. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోలకి వైద్య బీమా చూపాలి. బ్యాంకు లెక్కలూ, ఆఫీసు సెలవు చీటీ పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఖరి పదిహేను రోజుల్లో కుదరదు. 2024 జనవరిలో లుఫ్తాన్సా వాళ్లు హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం మొదలుపెట్టారు. అక్కడ దిగి రైలెక్కితే హాలెకి మూడు గంటల దరిదాపు. చలి సున్నాకి అటూ ఇటూ ఉంటుంది. ఆదివారం దుకాణాలు మూతపడతాయి, శనివారమే కొనుక్కోవాలి.

నాయిన ప్రశ్న

లెక్కంతా వేస్తే లక్షన్నర దాటుతోంది. రెండేళ్లుగా సెకండ్ హ్యాండ్ కారు కోసం కూడబెట్టిన డబ్బది. ఇంట్లో చెప్పాను. అమ్మ "చలికి ఆగుతవా బిడ్డా?" అంది. నాయిన మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

మా నాయినది ద్రాక్ష తోట. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట, కీసర చుట్టూ ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. అనాబ్-ఎ-షాహీ గుత్తులు బండ్లకెత్తి సికిందరాబాదు పంపేవారు. బోర్లెండిపోయి, కూలీలు దొరక్క, భూమి ధర పెరిగి, ఒక్కో తోటా ప్లాటైంది. మాదీ అయింది. నాయిన ఇప్పటికీ ఫిబ్రవరి వస్తే పొద్దున్నే లేచి అటువైపు నడిచి వస్తాడు. కోతల కాలం కదా!

చివరికి అడిగాడు. "మాటలు నేర్చుకోనీకి పోతున్ననంటవ్. నేర్చినంక ఆడనే ఉంటవా?"

వీసా ఫారం కూడా అడిగేది ఇదే, తిరిగొస్తావా అని. దానికి సెలవు చీటీ చూపిస్తే సరిపోతుంది. నాయినకి ఏం చూపించాలి? అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఈసారి పదకొండు దినాలే నాయినా. తర్వాత సంగతి పరీక్ష అయినంక జూద్దాం. పోవాల్సొస్తే నీకు చెప్పకుండ పోను," అన్నాను.

తర్వాత మ్యాపు తీసి చూపించాను. హాలెకి దగ్గర్లో సాలె, ఉన్‌స్ట్రూట్ అని రెండు నదులున్నాయి. వాటి ఒడ్డు గుట్టల మీద ద్రాక్ష తోటలున్నాయి. ఐరోపాలో బాగా ఉత్తరాన ఉన్న ద్రాక్ష సీమల్లో అదొకటి. ఫిబ్రవరిలో ఆకు ఉండదు, మోడుల్లా ఉన్న తీగల్ని ఆ చలిలోనే కత్తిరిస్తారు. ఈ ముక్క వినగానే నాయిన కళ్లద్దాలు తెచ్చుకున్నాడు.

"గంత చలిల కటింగా? మనం అక్టోబర్‌ల జేస్తుంటిమి. కొమ్మకు ఎన్ని కళ్లిడుస్తరు? పందిరేస్తరా, తీగ గుంజుతరా? మంచు పడితే కన్ను సావదా?"

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. జర్మన్‌లో అడగడానికి మాటలూ లేవు. రొట్టె కొనడం, దారి అడగడం నేర్పే పుస్తకంలో ద్రాక్ష కొమ్మకి కళ్లెన్ని విడవాలో ఎందుకుంటుంది? ఆ రాత్రి నిఘంటువు పట్టుకు కూర్చున్నాను. తీగకి 'రేబె', కత్తెరకి 'షేరె', కంటికి 'ఔగె'. తీగ మీది మొలకని వాళ్లూ మనలాగే 'కన్ను' అనే అంటారట!

అప్పుడర్థమైంది నాకు, ప్లానులో ఇంతవరకూ ఏం తక్కువైందో. రొట్టె పేరు చెప్పలేకపోతే వేలితో చూపించి కొనుక్కోవచ్చు. కొమ్మకి ఎన్ని కళ్లో వేలితో చూపించి అడగలేం. నిజంగా తెలుసుకోవాల్సింది ఏదో ఒకటి చేతిలో ఉంటేనే పరాయి ఊళ్లో మాట పుడుతుంది. మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే కోటూ బూట్లూ కొనేముందు, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఓ ప్రశ్న వెంట తీసుకెళ్లండి.

హాలె ప్లానులో ఒక రోజు ఇప్పుడు ద్రాక్ష గుట్టలకి రాసేశాను. "వీ ష్నైడెన్ జీ డీ రేబెన్ బై డీజర్ కెల్టె?" అని రోజూ శామీర్‌పేట చెరువు పక్కగా కంపెనీ బస్సు పోతూంటే అప్పజెప్పుకుంటున్నాను. ఇంత చలిలో తీగలెలా కత్తిరిస్తారండీ, అని.

మొన్న వీసా కాయితాలు సర్దుతూంటే నాయిన వచ్చి, తన ప్రశ్నలన్నీ రాసిన చీటీ నా చేతిలో పెట్టాడు. పదకొండున్నాయి. రోజుకొకటి!

"వాళ్లేం చెప్పిన్రో మంచిగ రాసుకో," అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ ఆగాడు. "రాసుకొని, వాపస్ రా."